కదలని జీపు

శనివారం పదకొండుంపావుకి మెర్సీ కొండబాబు ఇంటి గేటు ముందు స్కూటీ ఆపింది. సాయంత్రం నాలుగింటికి వీరన్నని మేజిస్ట్రేటుగారి ముందు నిలబెడతారు. ఈలోగా ఒక్క ప్రశ్నకి జవాబు దొరకాలి. కొండబాబుగారి జీపు గురువారం నాడు కదిలిందా, లేదా?

కేసంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. కొండబాబు రొయ్యల చెరువుల రైతు. చెరువుల్లో మురికినీళ్ళు డ్రెయిన్లోకి వదిలేస్తున్నాడనీ, చేపలు తేలిపోతున్నాయనీ పడవ వేసుకు బతికే వీరన్న అర్జీ పెట్టాడు. చూడడానికి సోమవారం అధికారులు వస్తామన్నారు. గురువారం తెల్లవారాక కొండబాబు కనబడకుండా పోయాడు. శుక్రవారం పొద్దున్న రేవులో వీరన్న పడవలో అడుగుపలకల కింద కొండబాబు కండువా, ఒంటి చెప్పు దొరికాయి. కండువాకి రక్తం ఉంది.

కొండబాబు భార్య లక్ష్మీతులసి గురువారం సాయంత్రం పోలీసులకిచ్చిన వాంగ్మూలం నాలుగే వాక్యాలు. మంగళవారం జీపు క్లచ్ పోయింది. అప్పటినుంచీ బండి షెడ్డులోనే ఉంది. గురువారం ఐదున్నరకి ఆయన నడిచి రేవుకి వెళ్ళేరు. తిరిగి రాలేదు. నడిచి వెళితే దారి వీరన్న పడవ పక్కనుంచే. అందుకే వీరన్నని పట్టుకున్నారు.

వీరన్న భార్య బుజ్జమ్మ శుక్రవారం సాయంత్రమే అమలాపురం వచ్చి మెర్సీ డిటెక్టివ్ ఆఫీసు మెట్లమీద కూర్చుంది. ఏడవలేదు. "మా ఆయన కోపిష్ఠోడేనండి. కానీ మనిషిని చంపేసొచ్చి పులుసన్నం తిని పడుకునే రకం కాదండి" అని మాత్రం అంది. మెర్సీ కేసు ఒప్పుకుంది.

బండి ఏ మోడలో బుజ్జమ్మని అడిగి తెలుసుకుని, వచ్చేదారిలో రాజోల్లో ఓ కొత్త క్లచ్ సిలిండరు, బ్రేకాయిల్ సీసా, గజం పొడుగు ప్లాస్టిక్ గొట్టం కొని స్కూటీ డిక్కీలో పెట్టుకుంది. మెర్సీ నాన్న మత్తయి ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కు. ఆమె చేతికి పెన్ను కంటే ముందు పానా అలవాటు.

వరండాలో ఆమెకంటే ముందే వచ్చి కూర్చున్న మనిషిని చూసి మెర్సీ ఒక్క క్షణం ఆగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై కాకినాడలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నారు. ఈ రెండేళ్ళలో మెర్సీ చేతిలోంచి మూడు కేసులు లాక్కున్నారు. కొండబాబు మేనమామ ఆయన్ని పిలిపించాడు.

"నమస్కారమండి సీఐగారూ."

"ఏమ్మా మెర్సీ. ఆలస్యంగా వచ్చేవు. పని అయిపోయింది" అన్నారాయన కొబ్బరిబొండం పక్కన పెడుతూ. రక్తం ఉంది, పగ ఉంది, దారి ఉంది, ఇంకేం కావాలన్నారు. ఇంత వయసొచ్చి పడవవాళ్ళ కేసులు పట్టుకుని తిరగడమేమిటని జాలిపడ్డారు కూడా.

మెర్సీ తలుపు దగ్గర నిలబడ్డ లక్ష్మీతులసి వైపు తిరిగి, జీపు ఒకసారి చూడవచ్చా అని అడిగింది. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంది, రెండు రాత్రులుగా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి. పాడైన బండిలో చూడ్డానికేముందని ఆమె గొణిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారే నవ్వి, చూడనివ్వండమ్మా, వాళ్ళ నాన్న మెకానిక్కే అన్నారు.

షెడ్డుకి రేకు తలుపులున్నాయి. మెర్సీ రెండూ బార్లా తీసి వెలుతురు రానిచ్చింది. ముదురాకుపచ్చ రంగు పాత జీపు. ఆమె బయటే నిలబడి వంగి క్లచ్ పెడల్‌ని చేత్తో నొక్కింది. పెడల్ అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోయింది, తిరిగి లేవలేదు.

"క్లచ్ పోయిన మాట నిజమేనండి" అంది.

"అదే కదా మేమూ చెప్పింది" అన్నారు వెనకనుంచి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు.

బానెట్ ఎత్తింది. పక్కపక్కనే రెండు డబ్బాలున్నాయి. పెద్దది బ్రేకుది, దాన్నిండా ఆయిల్ ఉంది, మరిగిపోయిన టీ డికాషన్ రంగులో. చిన్నది క్లచ్‌ది, అది ఖాళీ. టార్చి వేసుకుని, పెడల్ నుంచి కడ్డీ ఇంజను వెనక రేకులోకి దూరే చోట తడిమింది. పొడిగా ఉంది. అంటే పెడల్ దగ్గరుండే పై సిలిండరు బాగానే ఉంది. అక్కడినుంచి ఇనుప పైపు వెంబడి కిందికి వేలు పోనిచ్చింది. ఎక్కడా తడి లేదు. తర్వాత బండి కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా దూరింది. గేర్‌బాక్స్ పక్కన చిన్న సిలిండరు, దాని మూతికి రబ్బరు తొడుగు. తొడుగు వేలితో ఎత్తగానే చెంచాడు ఆయిల్ ఆమె అరచేతిలోకి జారింది.

"కింది సిలిండరులో రబ్బరు కప్పు అరిగిపోయిందండి. తొక్కినప్పుడల్లా ఆయిల్ ఇటునుంచి బయటికి పోతోంది."

చెయ్యి బయటికి చాపి అక్కడున్న బక్కెట్ నీళ్ళలో ముంచింది. నీటిమీద రంగుల పొర తేలలేదు. ఆయిల్ నీళ్ళలో కలిసిపోయింది. ఇంజనాయిలైతే తేలుతుంది, ఇది బ్రేకాయిలే. తర్వాత సరిగ్గా ఆ సిలిండరు కిందున్న సిమెంటు నేల చూసింది. మరక ఉంది, కానీ అరచేయంతే ఉంది.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ ఆ సంగతే చెప్పింది. చిన్న డబ్బాలో టీగ్లాసుడు ఆయిల్ పడుతుంది. మంగళవారం నుంచి శనివారం దాకా బండి ఇక్కడే నిలబడి ఉంటే ఆ గ్లాసుడూ ఈ నేలమీదే ఉండాలి. అరచేయంత మరకలో నాలుగు చెంచాల కంటే ఎక్కువ ఉండదు.

"మంగళవారం దారిలోనే కారిపోయిందమ్మా. అందుకే కదా క్లచ్ పోయింది. ఖాళీ అయ్యాక తెచ్చి పెట్టేడు, నాలుగు చుక్కలు కారింది. ఇందులో వింతేముంది?"

ఆయన మాటలో తప్పులేదు. అలాకూడా జరిగి ఉండొచ్చు. మెర్సీ ఒప్పుకుంటున్నట్టు తలూపి, లక్ష్మీతులసిని మామూలు గొంతుతో అడిగింది. "ఈ క్లచ్ డబ్బాలో ఆయిల్ ఎప్పుడు మార్పించేరండి?"

"ఎప్పుడూ లేదండి. కొన్న దగ్గర్నుంచీ మూడేళ్ళు, దాని మూతే తీయలేదు."

"కొంచెం కొంచెంగా ఎవరైనా పోసేవారా?"

"లేదండి. ఆయనకి బండి తోలడమేగానీ బాగుచేయడం తెలీదు."

మెర్సీ టైము చూసుకుంది. పన్నెండు దాటింది. ఎలాగూ సామాను తెచ్చేను, బండి బాగుచేసి ఇచ్చి వెళతాను అంది. దానివల్ల ఏమొస్తుందని సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు అడిగారు. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం బదులు కుతూహలం వినబడింది. ఆడమనిషి ఒక్కర్తే ఉండే ఇంట్లో బండైనా నడవాలి కదండీ అని మెర్సీ మళ్ళీ కిందికి దూరింది.

కింది సిలిండరుకి రెండు బోల్టులు. తుప్పు పట్టి ఉన్నాయి గానీ కదిలాయి. పైపు జాయింటు విప్పేముందు ఆమె తన తెల్ల చేతిరుమాలు దాని కింద పట్టుకుంది. పైపులో మిగిలున్న ఆయిల్ నాలుగైదు చుక్కలు దానిమీద పడింది. మెర్సీ రుమాలు వెలుతురులోకి తిప్పి చూసింది. ఎంతసేపు చూసిందంటే, ఏమైందమ్మా అని పైనుంచి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు పిలిచారు.

"ఏం లేదండి. దుమ్ము" అంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది.

కొత్త సిలిండరు బిగించింది. పైపు తగిలించింది. చిన్న డబ్బా నింపింది. ఇక పైపులో చేరిన గాలి బయటికి తియ్యాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కింద గాలి వదిలే నిపుల్ తిప్పేవాళ్ళొకరు, పైన పెడల్ తొక్కేవాళ్ళొకరు ఉండాలి.

"తులసిగారూ, మీరు కూర్చోండి. నేను నొక్కమన్నప్పుడు అడుగుదాకా తొక్కి పట్టుకోవాలి. నేను వదలమనేదాకా కాలు తియ్యకూడదు. తీస్తే బయటికొచ్చిన గాలి మళ్ళీ లోపలికి పోతుంది."

లక్ష్మీతులసి చెప్పులు విప్పి ఎక్కి కూర్చుంది. మెర్సీ నిపుల్‌కి గొట్టం తొడిగి, రెండో కొస ఖాళీ నీళ్ళ సీసాలో అడుగున పోసిన ఆయిల్లో ముంచింది.

"నొక్కండి."

గొట్టంలోంచి బుడగలు గలగలమంటూ సీసాలోకి దిగాయి. నిపుల్ బిగించి, వదలండి అంది. మళ్ళీ నొక్కమంది. ఆ మధ్యలో, పని చేసుకుంటూ చుట్టాలు మాట్లాడుకున్నట్టు, ఒక్కొక్కటే అడగసాగింది. గురువారం ఎన్నింటికి లేచారు? నాలుగున్నరకి. ఆయన ఏం తాగి వెళ్ళేరు? కాఫీ. ఏ చొక్కా? నీలిగళ్ళది. ఫోను తీసుకెళ్ళలేదా? మర్చిపోయేరు, ఇంట్లోనే ఉంది. వెళ్ళేటప్పుడు ఏమన్నారు? ఏడింటికల్లా వచ్చేస్తానన్నారు.

ప్రతి జవాబూ తడుముకోకుండా వచ్చింది. పెడల్ మీద కాలు కూడా అంత స్థిరంగానే ఉంది. గొట్టంలో బుడగలు తగ్గుతున్నాయి, ఆయిల్ దారంలా దిగుతోంది. పోలీసులు అడిగిన ప్రశ్నలే కదా ఇవి, బాగా వల్లెవేసుకుంది అనుకుంది మెర్సీ.

"ఆరోసారండి. నొక్కండి. పట్టుకోండి."

నిపుల్ తెరిచింది. ఆయిల్ దిగడం మొదలైంది. అప్పుడు అదే గొంతుతో అడిగింది.

"ఈ వారంలో ఇందులో కొత్త ఆయిల్ పోసిందెవరండి?"

గొట్టంలో దిగుతున్న ఆయిల్ ఆగింది. ఆగి, సీసాలోంచి వెనక్కి ఎక్కింది. చివర మిగిలిన రెండు బుడగలు జర్రున పైకి పరుగెత్తి సిలిండరులోకి దూరిపోయాయి. పైన కాలు పెడల్‌ని వదిలేసింది.

మెర్సీ నిపుల్ బిగించింది. తొందరపడలేదు.

"కాలు తీసేసేరండి. గాలి లోపలికెళ్ళింది. మళ్ళీ మొదలెట్టాలి" అంది మెల్లిగా.

బండి కిందనుంచి లేచి వచ్చి రుమాలు తీసి బానెట్ మీద పరిచింది. దానిమీద తేనెరంగు మరకలున్నాయి. పక్కనే బ్రేకు డబ్బాలో వేలు ముంచి ఇంకో చుక్క వేసింది. అది నల్లగా పడింది. మూడేళ్ళ ఆయిల్ ఎలా ఉంటుందో ఆ నల్లచుక్క చెబుతోందనీ, క్లచ్ పైపులోంచి వచ్చింది మాత్రం వారం రోజులు కూడా నిండనిదనీ చెప్పింది. దారిలో కారిపోయిన పాత ఆయిల్ గురించి సీఐగారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత ఎవరో కొత్తది పోశారు. పోసి, పెడల్ చాలాసార్లు తొక్కితే తప్ప అది కింది పైపుదాకా రాదు. పోసిన ఆయిల్ ఇప్పుడు డబ్బాలోనూ లేదు, ఈ నేలమీదా లేదు. అంటే రోడ్డుమీద పోయింది.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకుని రుమాలు చూశారు. వాసన చూశారు. లక్ష్మీతులసి వైపు చూశారు.

"అమ్మా, గురువారం ఈ బండి కదిలిందా?"

ఆమె డ్రైవరు సీట్లోంచి కదలలేదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకునే ఉంది. బుజ్జమ్మ నిన్న రాత్రినుంచీ స్టేషను గేటు దగ్గరే ఉందనీ, మూడు దాటితే ఆమె మొగుణ్ణి వ్యానెక్కిస్తారనీ మెర్సీ చెప్పింది. ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు.

"ఆయ్. కదిలిందండి" అంది లక్ష్మీతులసి.

తర్వాత ఆపకుండా చెప్పింది. సోమవారం అధికారులొస్తే చెరువులకి అనుమతి పోతుందని కొండబాబు భయం. అర్జీ పెట్టినవాడు జైల్లో ఉంటే అర్జీ మాట ఎవరూ ఎత్తరని ఆలోచన చేశాడు. నాలుగు రోజులు కనబడకుండా ఉండి, గోదావట్లో పడి కొట్టుకుపోయి ఒడ్డెక్కేనని తిరిగొస్తానన్నాడు. కండువాకున్నది కోడి రక్తం. ఆటో ఎక్కినా బస్సెక్కినా అందరికీ తెలిసిన మొహం, కాబట్టి జీపే కావాలి. అది మంగళవారమే మొరాయించింది. బుధవారం ఓ సీసా బ్రేకాయిల్ తెచ్చి, గురువారం తెల్లారకముందే డబ్బాలో పోసి బయల్దేరాడు. ముందు రేవుకెళ్ళి కండువా, చెప్పు పడవలో పలకల కింద దోపేశాడు. అక్కడినుంచి పి.గన్నవరం అవతల మూతబడ్డ కొబ్బరిపీచు షెడ్డుకి. డబ్బా ఖాళీ అయినప్పుడల్లా దారిలో ఆపి పోసుకుంటూ వెళ్ళాడు. అక్కడికి చేరేసరికి సీసా అయిపోయింది. బండి పీచుషెడ్డులోపలికి వెళ్ళి ఆగిపోయింది. గురువారం మధ్యాహ్నం ఆమె బస్సులో క్యారేజీ పట్టుకెళితే అతనే చెప్పాడు ఈ సంగతంతా.

"పోలీసులు ఇక్కడ షెడ్డు తలుపు తియ్యమంటారేమోనని గురువారం సాయంత్రమంతా వణికిపోయేనండి. తియ్యమనలేదు. లోపల బండే లేదు."

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి మొహం ఎర్రబడింది. వాంగ్మూలం నమ్మి ఎస్సైకి ఈ కేసంతా అల్లిపెట్టింది ఆయనే. ఆమె మీద విరుచుకుపడతారేమోనని మెర్సీ చూసింది. ఆయన పడలేదు. గోడవైపు తిరిగి ఎస్సైకి ఫోన్ చేశారు. వీరన్నని నాలుగింటికి పంపొద్దనీ, ముద్దాయి తప్పు కాదు, మన తప్పనీ రెండుసార్లు చెప్పారు. ఫోను పెట్టేసి, మెర్సీకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నువ్వన్నది నిజమే. కానీ ఒకటి చెప్పు. బండి అక్కడ ఆగిపోయిందంటోంది కదా. మరి ఇక్కడెందుకుంది?"

మెర్సీ అప్పటికే అదే ఆలోచిస్తోంది. ఇద్దరూ లక్ష్మీతులసి వైపు తిరిగారు. ఆమె ఇప్పుడు ఏడుస్తోంది. శబ్దం లేదు.

"నాకూ తెలీదండి" అంది. "నిన్న మళ్ళీ క్యారేజీ పట్టుకుని పదిన్నర బస్సెక్కేను. పీచుషెడ్డులో ఆయన లేరు. గురువారం రాత్రికని వదిలొచ్చిన అన్నం మూత తీయకుండా అలాగే ఉంది. బండీ లేదు. భయమేసి ఇంటికొచ్చేశాను. రెండుంపావయింది. ఈ తలుపు తీసి చూస్తే జీపు ఇక్కడుంది. వచ్చేశారనుకుని ఇల్లంతా వెతికేనండి. పెరడంతా వెతికేను. లేరు. ఐదింటికి పోలీసులొచ్చి బండి చూసి రాసుకుపోయేరు. నిజం చెబుదామంటే ఆయన్ని పట్టుకుంటారు. చెప్పకపోతే ఎక్కడున్నారో తెలీదు."

మెర్సీ ఆమెని దింపి తను ఎక్కి కూర్చుంది. తాళంచెవి బండికే ఉంది. దాన్ని తిప్పబోయి ఆగిపోయింది. అది అప్పటికే తిప్పి ఉంది. నిన్నటినుంచీ ఆన్‌లోనే ఉండి బ్యాటరీ చచ్చిపోయింది. గేరు రాడ్డు మీద చెయ్యి వేసింది. ఒకటో గేర్లో బిగుసుకుని ఉంది.

"సీఐగారూ, ఇటు చూడండి. క్లచ్ లేని బండిని గేర్లో పెట్టి తాళం తిప్పి ఒక్క కుదుపుతో స్టార్టు చెయ్యాలి. నడిచినంతసేపూ ఇంజను చప్పుడు వింటూ గేర్లు వెయ్యాలి. ఆపాలంటే గేర్లోనే బ్రేకు తొక్కి ఇంజను ఆపెయ్యాలి. అలాగే ఆపేరు. దిగే తొందరలో తాళం కట్టెయ్యడం మర్చిపోయేరు."

అది ఎవరికి పడితే వాళ్ళకి వచ్చే విద్య కాదు. డిపోలో మత్తయి దగ్గర పనిచేసినవాళ్ళలో ఇద్దరికో ముగ్గురికో వచ్చు.

"తులసిగారూ, మీ ఆయనకి ఇలా నడపడం వచ్చా?"

"క్లచ్ బాగున్నప్పుడే వంతెన దగ్గర రెండుసార్లు ఆపేస్తారండి" అంది ఆమె.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు జేబులోంచి కారు తాళాలు తీసి మెర్సీకి చూపించారు. మెర్సీ తలూపి జీపు దిగింది.

శుక్రవారం లక్ష్మీతులసి ఇంట్లో లేని టైము పదిన్నర నుంచి రెండుంపావు. ఆ మధ్యలో ఎవరో ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి పట్టపగలు ఈ జీపు తెచ్చి, ఈ పెరట్లోకి నడిపి, తలుపులు మూసి వెళ్ళారు. పీచుషెడ్డు ఎక్కడో వాళ్ళకి తెలుసు. ఈ ఇల్లు తెలుసు. ఆమె చెప్పిన అబద్ధం కూడా తెలుసు. బండి ఇక్కడ లేకపోతే శుక్రవారం సాయంత్రమే ఆ అబద్ధం బయటపడేది, వీరన్నని వదిలేసేవారు. కొండబాబుని నిజంగానే వెతకడం మొదలయ్యేది. అది జరక్కూడదని కోరుకునేవాళ్ళే బండి తెచ్చారు.

"చీర మార్చుకోవద్దు. తలుపు తాళం వేసి మాతో వచ్చెయ్యండి" అంది మెర్సీ.

"ఎక్కడికండి?"

"ముందు పీచుషెడ్డుకి. ఆ తర్వాత మీరు ఈ ఇంట్లో ఉండడానికి లేదండి. మీరు క్యారేజీ పట్టుకుని ఏ బస్సెక్కుతారో, ఎన్నింటికి తిరిగొస్తారో చూసుకునే వాడు బండి తెచ్చేడు. గురువారం నుంచీ మిమ్మల్ని ఒకడు కనిపెట్టుకుని ఉన్నాడు."

లక్ష్మీతులసి చెప్పుల్లో పెట్టబోయిన కాలు అలాగే ఆగిపోయింది.

"అయితే ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి ఫోను చేసింది ఆయన కాదా అండి?" అంది. "ఏదో కొత్త నంబరండి. మాటేం మాట్లాడలేదు. ఊపిరి వినబడింది. ఆయనే అనుకుని నేనే చెప్పేశాను. అమలాపురం నుంచి ఓ డిటెక్టివ్ మేడంగారు బండి చూడ్డానికొస్తున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు, జాగ్రత్త అని."